తొట్టెలో వాన కురిపించాలి

మే నెలాఖరులో ధర్మవరం చుట్టుపక్కల కుంటలు చూస్తే నెర్రెలిచ్చిన బురద తప్ప ఏమీ కనబడదు. అక్కడ కప్పలున్నాయంటే నమ్మబుద్ధి కాదు. రోహిణి ఎండలు తగ్గి, ఒక సాయంత్రం మబ్బు కమ్మి, గంటసేపు గట్టి వాన పడిందంటే మాత్రం ఆ రాత్రికే వంకలన్నీ గోలెత్తిపోతాయి. మగ్గాల చప్పుడు ఆగిపోయాక తెల్లవారుజాము దాకా ఊరి చివర వినబడేది కప్పల అరుపే. అవి ఎక్కణ్నుంచో వచ్చినవి కావు. ఎర్రనేల లోతున, బండల సందుల్లో, పాడుబడిన బావుల్లో ఆ వాన కోసమే నెలల తరబడి కాచుకొని ఉన్నవి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకు ముందు వీటికి తల్లి జిల్లా అయిన అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. అదైనా చెప్పిన వేళకు రాదు. ఇలాంటి చోట పిల్లల్ని కనాల్సిన జీవి వానను తప్పుగా అంచనా వేసిందా, ఆ ఏటి సంతానమంతా ఎండిన కుంటలో మాడిపోతుంది. అందుకే వాన ఆనవాళ్లు పట్టడంలో కప్ప శరీరం ఆరితేరింది. అక్వేరియంలో నీటి కప్పల్ని ప్రేమగా పెంచుతూ, ఎంతకాలమైనా గుడ్లు పెట్టడం లేదే అని దిగులుపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కప్పలు బాగానే తింటూ, చురుగ్గా తిరుగుతూ ఉంటే వాటిలో లోపం వెతకొద్దు. వాటికి ఇంకా వాన పడలేదు, అంతే.

ఆ వాన ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు మన ఊరి కప్పల్ని చూడాలి. అందరికీ తెలిసింది బోదురు కప్ప. శాస్త్రజ్ఞులు దీన్ని హోప్లోబట్రాకస్ టైగరినస్ అంటారు. తొలకరికి మగ కప్ప ఒళ్లంతా నిమ్మపండు పసుపు తిరుగుతుంది, గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బుతాయి. నేల తవ్వుకొని బతికేది స్ఫీరోథికా. వెనక పాదాల అడుగున ఉన్న గట్టి బొడిపెలతో మట్టిని తోసుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ భూమిలోకి దిగిపోతుంది. చెనక్కాయ చేలు దున్నేటప్పుడు అప్పుడప్పుడూ నాగలిచాలులో బయటపడే బొద్దు కప్ప ఈ రకానిదే. ఈ ప్రజాతిలో ఒక జాతిని 2020లో కొత్తగా గుర్తించి స్ఫీరోథికా బెంగళూరు అని పేరు పెట్టారు. అది దొరికింది బెంగళూరు పొలిమేరలోని రాజానుకుంటె దగ్గర, హిందూపురం నుంచి రెండు గంటల ప్రయాణం కూడా ఉండదు. మన చేలల్లో ఉన్న కప్పల్నే మనం ఇంకా పూర్తిగా లెక్కపెట్టలేదన్నమాట.

ఏడాది పొడవునా నీళ్లు వదలనిది యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. దిగుడుబావిలో మెట్టు మీద అడుగు పడగానే నీటి పైపొర మీదనే గెంతుతూ అవతలి ఒడ్డుకు పోయే చిన్న కప్ప ఇది. నీటి కప్ప అన్న మాట మన దగ్గర దీనికే తగుతుంది. ఇలాంటి కప్పలకు ఈ కరువు సీమలో చోటు దొరికిందంటే అది చాలావరకు చెరువులు తవ్వినవాళ్ల పుణ్యం. 1388లో విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెన్న నీటిని పెనుకొండ వైపు మళ్లించమంటే, సింగాయభట్టు అనే జలవిద్యా నిపుణుడు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించాడని ఆనాటి శాసనం చెబుతోంది. మనుషుల కోసం కట్టిన ఆ గొలుసు చెరువుల్లో ఎన్ని తరాల తోకకప్పలు ఎదిగాయో లెక్క కట్టగలిగేవాళ్లెవరు!

వాన పడినప్పుడు నీటిలో, గాలిలో కొన్ని మార్పులు ఒకేసారి జరుగుతాయి. నీరు చల్లబడుతుంది. మట్టం పెరుగుతుంది. ఎండాకాలమంతా ఆవిరై చిక్కబడిన ఉప్పులు పలచబడతాయి. గాలి పీడనం పడిపోతుంది, తేమ పెరుగుతుంది. ఈ కబుర్లన్నీ కప్ప మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కు చేరతాయి. అది పిట్యూటరీ గ్రంథికి హార్మోనుతో కబురంపుతుంది, పిట్యూటరీ నుంచి మరో హార్మోను నెత్తురులో కలిసి అండాశయానికి చేరుతుంది. ఆడ కప్ప కడుపులో గుడ్లు అప్పటికే పెరిగి సిద్ధంగా ఉంటాయి. ఆ చివరి కబురు అందితేనే అవి పక్వమై విడుదలవుతాయి. కబురు అందకపోతే అలాగే ఉండి, కొన్నాళ్లకు శరీరంలోనే కరిగిపోతాయి.

ఈ గొలుసును ప్రయోగంతో పట్టుకున్నవాళ్లలో లాన్స్‌లాట్ హాగ్‌బెన్ ఒకడు. 1930 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పనిచేస్తూ, అక్కడి చెరువుల్లో దొరికే జెనోపస్ లేవిస్ అనే గోళ్ల కప్పకు ఎద్దు పిట్యూటరీ సారం ఎక్కించాడు. కప్ప గుడ్లు పెట్టేసింది. వాన లేదు, మగ కప్ప లేదు, ఒక్క హార్మోను చాలింది. గర్భిణుల మూత్రంలో కూడా దాదాపు అదే పని చేసే హార్మోను ఉంటుంది కనుక, కొద్దిగా మూత్రాన్ని ఆడ జెనోపస్ చర్మం కిందికి ఎక్కిస్తే కొన్ని గంటల్లోనే గుడ్లు కనబడేవి. అలా ఒక కప్ప ప్రపంచమంతటా ఆసుపత్రుల్లో గర్భ పరీక్ష సాధనమైంది. 1960ల దాకా వేల కప్పలు ఆఫ్రికా నుంచి ఓడలెక్కాయి. ప్రయోగశాలల్లో అవి ఎలాగూ ఉన్నాయి కదా అని పిండశాస్త్రం వాటి మీదే పెరిగింది. జాన్ గర్డన్ 1962లో జెనోపస్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని గుడ్డులోకి మార్చి కొత్త కప్పను పుట్టించాడు, ఆ పనికి 2012లో నోబెల్ అందుకున్నాడు. ఆసుపత్రులు, ప్రయోగశాలల కోసం పెంచిన ఆ కప్పే తర్వాత ఇళ్లలోని గాజు తొట్టెల్లోకీ చేరింది.

ఇంట్లో పెంచే నీటి కప్పలు ప్రధానంగా రెండు. ఒకటి ఈ జెనోపస్. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు ఉన్న రకం అందంగా ఉంటుందని ఎక్కువమంది అడుగుతారు. రెండోది హైమెనోకైరస్, మధ్య ఆఫ్రికా అడవుల మడుగుల్లో బతికే మరుగుజ్జు కప్ప, మూడు నాలుగు సెంటీమీటర్లకు మించదు. రెండూ పైపిడే అనే ఒకే కుటుంబానివి, రెండింటికీ నాలుక లేదు. చిన్నప్పుడు రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి కొనేటప్పుడు ముందు కాళ్ల వేళ్లు చూడాలి. వేళ్ల మధ్య పొర ఉంటే మరుగుజ్జుది. వేళ్లు విడివిడిగా ఉంటే అది జెనోపస్, నాలుగు అంగుళాలు దాటి పెరిగి తొట్టెలోని చిన్న చేపలన్నిటినీ మింగేస్తుంది.

మన మూడు ఊళ్లకు ఏది తగినదన్న విషయంలో నాకు సందేహం లేదు. జెనోపస్‌కు 18 నుంచి 22 డిగ్రీల చల్లటి నీరు కావాలి. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉన్నా, ఏప్రిల్ మధ్యాహ్నాలు అక్కడా నలభై డిగ్రీలకు చేరువవుతాయి. ధర్మవరం ఇంకా పల్లంలో ఉంది, ఇంకా వేడి. ఎండాకాలమంతా తొట్టెను యంత్రంతో చల్లబరచలేనివాళ్లు జెనోపస్ జోలికి పోకపోవడమే దానికి చేసే మేలు. మరుగుజ్జు కప్పకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. దానికీ మే నెలలో నీడ, గాలి ఆడే గది తప్పవు.

తొట్టె సరంజామా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నలభై లీటర్ల తొట్టెలో నాలుగైదు మరుగుజ్జు కప్పలు బతుకుతాయి. ఊపిరి కోసం పైకి రావాలి కాబట్టి నీటి లోతు అడుగుకు మించకూడదు, పైన మూత ఉండాలి, వడపోత మెల్లగా సాగాలి. కప్పల విసర్జనలోని అమ్మోనియాను హాని లేని రూపానికి మార్చే బాక్టీరియా పెరగడానికి కనీసం నెల పడుతుంది, తొందరపడి ముందే కప్పల్ని వదిలితే చస్తాయి. నీటి విషయంలో మాత్రం మన ప్రాంతంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. బోరు నీరు గడుసుది, చాలా పల్లెల్లో ఫ్లోరైడు కూడా ఎక్కువే. కప్ప నీటిని నోటితో తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. కాబట్టి నీటిలో ఉన్నదంతా దాని ఒంట్లోకి పోతుంది. రెండు మూడు వానలకు మిద్దె కడిగాక పట్టిన వాన నీటిని సగం కలిపితే గడుసుదనం విరుగుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే విరుగుడు మందు వేయాలి, లేదా వెడల్పు పాత్రలో ఒక రోజంతా తెరిచి ఉంచాలి.

ఇప్పుడు వాన సంగతి. ముందు రెండు మూడు వారాలు కప్పలకు బాగా తిండి పెట్టాలి, గడ్డకట్టించి అమ్మే ఎర్రపురుగులు బాగా పనికొస్తాయి. గుడ్లలో పచ్చసొన పేరుకోవడానికి ఈ మేత అవసరం. ఆ రోజుల్లోనే నీటి మట్టాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవాలి, చివరికి ఏడెనిమిది సెంటీమీటర్లు మిగిలితే చాలు. కప్పకు అది ఎండాకాలం. అప్పుడు ఒక సాయంత్రం, పాత నీటి కంటే రెండు డిగ్రీలు వెచ్చని శుభ్రమైన నీటిని సన్నటి ధారగా పోస్తూ తొట్టెను మళ్లీ నింపాలి. జెనోపస్‌కైతే కొత్త నీరు చల్లగా ఉండాలి, మరుగుజ్జు కప్పకు వెచ్చగా ఉండాలి. భూమధ్యరేఖ దగ్గరి అడవి మడుగు వేరు, దక్షిణాఫ్రికా చెరువు వేరు, వాటి వానలు కూడా వేరు. బయట నిజంగా మబ్బు పట్టి పీడనం తగ్గిన రోజున ఈ పని పెట్టుకుంటే ఇంకా మంచిది. హార్మోను ఇంజెక్షన్లు ప్రయోగశాలల పని. ఇంట్లో ఆ సాహసం ఎవరూ చేయొద్దు.

కబురు అందిందా లేదా అన్నది రాత్రికి తెలిసిపోతుంది. మరుగుజ్జు మగ కప్ప సన్నగా జుమ్మని మోగుతుంది, చెవి పెట్టి వింటే తప్ప వినబడదు. ముందు కాలి వెనక చిన్న తెల్లటి బొడిపె ఉన్నదే మగది. అది ఆడ కప్ప నడుమును పట్టుకుంటుంది. జంట మళ్లీ మళ్లీ అడుగు నుంచి పైకి ఈదుతూ, పైకి చేరగానే వెల్లకిలా తిరుగుతుంది, అప్పుడు ఆడది కొన్ని గుడ్లను నీటి పైపొర మీద వదులుతుంది. రాత్రంతా సాగే ఈ పనిలో వందల గుడ్లు తేలతాయి. తెల్లారేసరికి వాటిని ఏరి వేరే పాత్రలోకి మార్చకపోతే తల్లిదండ్రులే తినేస్తాయి. కప్పకు తన గుడ్డనీ, పరాయిదనీ లేదు, నోటి ముందుకొచ్చిందల్లా తిండే. వెడల్పాటి చెంచాతో, వేలు తగలకుండా తీయాలి. తెల్లబారి బూజు పట్టిన గుడ్లను రోజూ ఏరేయాలి. రెండు రోజుల్లో మిగిలినవి చిట్లి, సూది మొనంత పిల్లలు గాజుకు అంటుకొని కనబడతాయి.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. తోకకప్ప అనగానే మనకు నాచు గీరుకు తినే నల్లటి జీవి గుర్తొస్తుంది. మన కుంటల్లోని చాలా తోకకప్పలు అలాంటివే. కొమ్ములాంటి గట్టి పెదవులతో రాళ్లకు పట్టిన నాచును గీరుతాయి, ఉడికించిన పాలకూర వేసినా తింటాయి. జెనోపస్ తోకకప్పకు ఆ పెదవులే లేవు. తల కిందికి వంచి, తోక కొస ఆడిస్తూ నీటి మధ్యలో వేలాడి, నోటిలోకి వచ్చే నీటి నుంచి కంటికి కనబడని నాచు కణాలను వడకట్టుకుంటుంది. దానికి స్పైరులినా అనే నాచు పొడిని నీటిలో కలిపి, తొట్టె కొద్దిగా పచ్చబడేంత పోస్తే చాలు. ఎక్కువైతే ఆ పొడే కుళ్లి చంపుతుంది. మరుగుజ్జు కప్ప పిల్ల మరోలా ఉంటుంది. అది పుట్టుకతోనే వేటగత్తె. రెండు కళ్లూ ముందుకు తిరిగి ఉంటాయి, నోరు గొట్టంలా ముందుకు సాగుతుంది. కదిలే జీవిని గురి చూసి, రెప్పపాటు కంటే తక్కువ వ్యవధిలో లోపలికి పీల్చేస్తుంది. డెబన్, ఓల్సన్ అనే పరిశోధకులు ఈ వేటను అతివేగ కెమెరాతో చిత్రించి 2002లో నేచర్ పత్రికలో ప్రకటించారు. చేపలు చేసే ఈ పనిని అంత చిన్న తోకకప్ప చేస్తుంది.

ఈ తేడా తెలియక, దుకాణంలో అమ్మే చేపల మేతను నలిపి వేసి, పిల్లలన్నీ ఆకలితో చస్తే కారణం తోచక వదిలేసినవాళ్లు చాలామంది. మరుగుజ్జు పిల్లలకు ప్రాణమున్న మేతే కావాలి. మొదటి రోజులకు వరిగడ్డిని వాన నీటిలో నానబెట్టి నాలుగైదు రోజులు వెలుతురులో ఉంచితే పారమీషియం లాంటి సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి, ఆ నీటిని చుక్కలుగా వేయాలి. వారం గడిచాక ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న జీవి పిల్లల్ని వేయాలి. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపి, ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి బుడగలు ఆడిస్తే వెచ్చని చోట ఒక రోజుకు పొదుగుతాయి. ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి పెట్టాలి. ఇవేమీ మనకు దూరపు వస్తువులు కావు. హిందూపురం పక్కన పారే పెన్న సముద్రంలో కలిసే నెల్లూరు తీరాన రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలకు రోజువారీ మేత ఇదే ఆర్టీమియా.

పెద్ద కప్పలకు మార్పు కావాలి, పిల్లలకు నిలకడ కావాలి. ఇది మరిచిపోతే వాన కురిపించి సాధించిందంతా పోతుంది. తోకకప్పలున్న పాత్రలో నీటి మట్టం తగ్గకూడదు, పిల్లలు కిక్కిరిసి ఉండకూడదు. ఎందుకో అమెరికా పడమటి ఎడారుల్లోని స్పేడ్‌ఫుట్ కప్పల మీద రాబర్ట్ డెన్వర్ చేసిన పరిశోధన చెప్పింది. మడుగు ఎండిపోతూ ఉంటే ఆ తోకకప్పల మెదడులో సీఆర్‌హెచ్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి, అది థైరాయిడ్‌ను తొందరపెట్టి, రూపం మారే రోజును ముందుకు జరుపుతుంది. 1997లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం ఎండిపోయే నీటిలోని పిల్ల ప్రాణం దక్కించుకుంటుంది, కానీ చిన్న ఒంటితో ఒడ్డెక్కుతుంది. చిన్న కప్పకు తిండి దొరకడం కష్టం, శత్రువులు ఎక్కువ. మన ఎర్రనేల గుంతల్లో నెల, నెలన్నరలోపు ఎదగాల్సిన పిల్లలన్నిటి ముందూ ఇదే బేరం ఉంటుంది. దానికి తోడు, అదే గుంతలో బోదురు కప్ప పిల్లలుంటే అవి తోటి తోకకప్పల్నే వేటాడి తింటాయి. మనకు పొరుగున ఉన్న ధార్వాడలో, కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీనివాస్ సైదాపుర్ బృందం తోకకప్పల ఈ బతుకు లెక్కల్ని దశాబ్దాల పాటు ఓపికగా పరిశీలించింది. మన దక్కన్ కప్పల గురించి మనకు తెలిసిన చాలా సంగతులు అలాంటి ఓపిక ఫలమే. రాయలసీమ కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే పిల్లలు ఒకప్పుడు కప్పను కోసి చదివేవారు. ఇప్పుడు వాన గుంత పక్కన కూర్చుని, రోజూ మట్టం కొలిచి, పిల్లల్ని లెక్కపెడితే అంతకు మించిన చదువు అవుతుందని నా నమ్మకం.

రూపం మారే దశ గురించి 1912లోనే గుడర్‌నాచ్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. గుర్రం థైరాయిడ్ గ్రంథిని మేతగా పెడితే తోకకప్పలు పెరగకుండానే కప్పలైపోయాయి, ఈగంత కప్పలు. తర్వాత బెన్నెట్ ఆలెన్ థైరాయిడ్ తీసేస్తే తోకకప్పలు తోకకప్పలుగానే ఉండి పెద్దవయ్యాయి. ఆ ఒక్క హార్మోను మాటకే తోక కరుగుతుంది, చుట్టలు చుట్టుకున్న పొడవాటి పేగు కురచవుతుంది, మొప్పలు పోతాయి. వెనక కాళ్లు ముందుగా కనబడతాయి. ముందు కాళ్లు చర్మం కింద దాగి పెరిగి చివర్లో ఒక్కసారిగా బయటికొస్తాయి. ఆ తర్వాత కొన్ని రోజులు పిల్ల ఏమీ తినదు, నోరు తిరిగి కట్టుకుంటూ ఉంటుంది, తోకే దాని ఆహారం. ఆ రోజుల్లో మేత వేస్తే నీరు కుళ్లడం తప్ప ప్రయోజనం లేదు. నీటి కప్పలకు ఒడ్డు అక్కర్లేదు గానీ, కొత్తగా ఊపిరితిత్తులతో బతకడం మొదలుపెట్టిన పిల్ల సులభంగా పైకి చేరేలా నాలుగు నీటి మొక్కలైనా పైదాకా ఉండాలి. గుడ్డు నుంచి ఇక్కడికి రావడానికి మరుగుజ్జు కప్పకు రెండు నెలలు, అటూ ఇటూ.

వందల గుడ్లలో పదో ఇరవయ్యో కప్పలైనా బాగా పెంచినట్టే. వాటిని ఏం చేయాలన్నది మాత్రం గుడ్లు పెట్టించకముందే తేల్చుకోవాలి. తీసుకునే ఇల్లు కుదరకపోతే వాన కురిపించవద్దు. ఎట్టి పరిస్థితిలోనూ చెరువులో, బావిలో వదలకూడదు. మనుషులు వదిలేసిన, తప్పించుకున్న జెనోపస్ ఇప్పుడు చిలీలో, కాలిఫోర్నియాలో, ఫ్రాన్స్‌లో చెరువులు ఆక్రమించింది. పరదేశపు కప్పే ఇలా చేస్తుందనుకోవడానికీ లేదు. మన బోదురు కప్పను అండమాన్ దీవులకు చేరిస్తే, అక్కడ దాని తోకకప్పలు స్థానిక కప్పల పిల్లల్ని తినేస్తున్నాయి. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం నీటిని పెనుకొండ పక్కన గొల్లపల్లి జలాశయం దాకా తెస్తోంది, చిత్రావతి పొంగితే ధర్మవరం దాటి పెన్నలో కలుస్తుంది. ఒక కుంటలో వదిలింది ఒక కుంటలోనే ఆగే రోజులు పోయాయి. అలాగే మన కుంటల కప్పల్ని పట్టి తెచ్చి తొట్టెలో పెట్టడమూ వద్దు. కాళ్ల మాంసం కోసం విదేశాలకు పంపే వ్యాపారంలో బోదురు కప్పలు కోట్లలో పోయాయి, 1987లో దేశం ఆ ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది.

చివరి జాగ్రత్త పాత నీటి గురించి. కప్పల చర్మాన్ని తినేసే కైట్రిడ్ బూజును 1999లో గుర్తించి పేరు పెట్టారు. 2019లో వెలువడిన ఒక ప్రపంచ లెక్క ప్రకారం 501 ఉభయచర జాతులు దానివల్ల తగ్గిపోయాయి, వాటిలో 90 అంతరించాయి. పెంపుడు కప్పల వ్యాపారం దాన్ని దేశాలు దాటించిన దారుల్లో ఒకటి. తొట్టె మార్చినప్పుడు తీసిన నీటిని కాలువలోకీ, చెరువులోకి పారే మోరీలోకీ పోయకండి. బకెట్‌లో పట్టి, బ్లీచింగ్ పొడి కలిపి, కొన్ని గంటలు ఉంచి, నీళ్లు నిలవని ఎండ నేల మీద పోయండి. వలలు, గొట్టాలు, రాళ్లు కూడా అలాగే కడిగి, బాగా ఎండాకే మళ్లీ వాడండి.